పెరిగింది భూకంపాలా, వాటి లెక్కా?

2024 డిసెంబరు 4, బుధవారం. పొద్దున ఏడూ ఇరవై ఏడు. వంటింటి అరలో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆపి ఉన్న ఫ్యాను ఊగింది. ఇంకా మంచం మీదే ఉన్నవాళ్లకు ఎవరో కాలితో మంచాన్ని కదిపినట్టనిపించింది. కొన్ని సెకన్లలో అంతా సర్దుకుంది. ములుగు జిల్లా మేడారం దగ్గరి అడవి కింద పుట్టిన భూకంపం అది. తీవ్రత 5.3. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడల్లో జనం మెట్లు దిగి వీధుల్లోకి వచ్చేశారు.

అంతకు మూడు నెలల ముందే అదే తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు కూలిపోయాయి. మొదట చెట్లు కూలాయి, ఇప్పుడు నేల కదిలింది. రెంటినీ ముడిపెట్టి ఏదో జరుగుతోందని అనుకోవడం సహజమే. ఆ సాయంత్రానికి ప్రతి ఇంట్లో ఒకటే మాట: "ఈమధ్య భూకంపాలు మరీ ఎక్కువైపోయాయి కదూ?" కాలజ్ఞానంలో బ్రహ్మంగారు ముందే చెప్పారని గుర్తుచేసిన పెద్దవాళ్లూ ఉన్నారు.

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. అడిగేవాళ్లు కళ్లారా చూసినదాన్ని బట్టి అడుగుతున్నారు. టీవీలో నేపాల్, తుర్కియే, మయన్మార్ వరసగా కనబడ్డాయి. ఫోనులో వారానికో హెచ్చరిక. చూసినదంతా నిజమే. దాన్నుంచి తీసిన నిర్ణయం సరైనదా కాదా అన్నదే ఈ అధ్యాయం తేల్చాల్సిన విషయం. జవాబు ముందే చెప్పేస్తాను: ప్రపంచం మొత్తం మీద పెద్ద భూకంపాలు పెరగలేదు. ఎలా తెలుసంటారా? అసలు కథ అక్కడే ఉంది.

ముందు మన గోదావరి లోయ సంగతి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో వచ్చిన భూకంపం తీవ్రతను 5.7గా లెక్కించారు. దానికి రెండేళ్ల ముందు, 1967 మార్చి 27న ఒంగోలులో 5.4. అప్పటికి పది పన్నెండేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డారు. వాళ్లను అడిగితే చెబుతారు. మేడారం కింద ఉన్నది, భద్రాచలం కింద ఉన్నది ఒకే పాత పగులు లోయ. కోట్ల ఏళ్ల కిందట అక్కడ నేల చీలి కుంగింది. కుంగిన పల్లంలో అడవులు పూడుకుపోయి బొగ్గయ్యాయి. సింగరేణి కార్మికులు ఇవాళ తవ్వుతున్నది ఆ బొగ్గే. ఆ లోయ అంచుల్లో పాత పగుళ్లు ఇంకా పూర్తిగా అతుక్కోలేదు, అప్పుడప్పుడు జరుగుతాయి. మధ్యలో యాభై అయిదేళ్లు గడిచేసరికి ఒక తరం మారిపోయింది. కొత్త తరానికి అది 'ఎన్నడూ లేనిది' అయింది.

ఇక ప్రపంచం లెక్క. ఎక్కడో దూరాన వచ్చిన భూకంపాలను మనుషులు యంత్రంతో వినడం మొదలుపెట్టి నూట ముప్పై అయిదేళ్లే అయింది. అదీ అనుకోకుండా జరిగింది. జర్మనీలో ఎర్నెస్ట్ ఫాన్ రెబ్యూర్-పాష్విట్జ్ అనే యువకుడు పాట్స్‌డామ్‌లో ఒక సున్నితమైన లోలకం ఏర్పాటు చేసుకున్నాడు. సూర్యచంద్రుల ఆకర్షణకు నేల ఎంత వంగుతుందో కొలవాలని అతని కోరిక. 1889 ఏప్రిల్ 17న ఆ లోలకం గీస్తున్న గీత ఉన్నట్టుండి చెదిరింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు. తరవాత నేచర్ పత్రిక తిరగేస్తుంటే, అదే రోజు టోక్యోలో భూకంపం వచ్చిందన్న వార్త కంటబడింది. వేళలు సరిపోల్చి చూసుకున్నాడు. భూగోళానికి అవతలి వైపు కంపం ఇక్కడి దాకా వచ్చిందని మనిషికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

మన దేశంలో 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమి కంపించింది. రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. దాన్ని నమోదు చేయడానికి అప్పటికి భారతదేశంలో ఒక్క భూకంపలేఖినీ లేదు. ఐరోపాలోని పరికరాలు గీసిన గీతలను దగ్గర పెట్టుకుని ఆర్.డి. ఓల్డమ్ అనే భూవిజ్ఞాని వాటిని చదివాడు. ముందు ఒక చిన్న తరంగం, కాసేపటికి ఇంకొకటి, ఆ తరవాత నేల మీదుగా దొర్లుకుంటూ వచ్చే పెద్ద అల. ఇవాళ బడి పుస్తకాల్లో ఉన్న పీ తరంగాలు, ఎస్ తరంగాలు అలా విడివిడిగా తేలినవే. మరుసటి ఏడాది డిసెంబరులో కలకత్తాలోని అలీపూర్‌లో మన దేశపు తొలి భూకంప పరిశీలనశాల మొదలైంది.

1931 నాటికి ప్రపంచమంతటా కలిపి దాదాపు 350 స్టేషన్లు. ఇవాళ ఎనిమిది వేలకు పైగా. మధ్యలో ఒక పెద్ద గెంతు ఉంది. 1960ల మొదట్లో అమెరికా అరవై దేశాల్లో దాదాపు నూట ఇరవై స్టేషన్లను ఒకే రకం పరికరాలతో నెలకొల్పింది. సోవియట్ యూనియన్ భూమి లోపల అణుబాంబులు పేలుస్తుంటే పసిగట్టడం దాని అసలు ఉద్దేశం. భూకంపాలు దానికి అదనపు పంట. మనిషి భూమిని శ్రద్ధగా వినడానికి డబ్బు దొరికింది బాంబుల భయంతోనన్న విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అయినా ఆ డబ్బు పెట్టిన చెవితోనే భూ ఫలకాల అంచులు పటం మీద చుక్కచుక్కగా బయటపడ్డాయి.

చెవులు పెరిగితే చప్పుళ్లు పెరుగుతాయి. ఒక ఊళ్లో షుగరు పరీక్షల శిబిరం పెట్టారనుకోండి. అంతకుముందు ఆ ఊళ్లో పది మంది షుగరు రోగులు. శిబిరం అయ్యాక వంద మంది. ఒక్క వారంలో తొంభై మందికి రోగం రాలేదు కదా! భూకంపాల్లో దీనికి ఇంతకంటే చక్కని రుజువు 2019లో వచ్చింది. దక్షిణ కాలిఫోర్నియాలో 2008 నుంచి 2017 దాకా నమోదైన భూకంపాలు అప్పటికి సుమారు లక్షా ఎనభై వేలు. కాల్టెక్ శాస్త్రవేత్తలు అవే స్టేషన్లు అదే పదేళ్లలో గీసిన గీతలను కొత్త కంప్యూటర్ పద్ధతితో మళ్లీ జల్లెడ పట్టారు. తెలిసిన భూకంపం గీత ఆకారాన్ని అచ్చులా పెట్టుకుని, రొదలో దాగిన అలాంటి చిన్న గీతలను ఏరారు. తేలింది పద్దెనిమిది లక్షలు. నేల అదే, కాలం అదే, పరికరాలూ అవే. వినే నేర్పు ఒక్కటే మారితే లెక్క పదింతలైంది.

అంటే పాత లెక్కను, కొత్త లెక్కను పోల్చాలంటే పాతకాలంలో కూడా ఎవరి కన్నూ తప్పించుకోలేనంత పెద్దవాటినే తీసుకోవాలి. ఇక్కడ భూకంపాల మెట్లవరస ఒకటి అక్కరకొస్తుంది. 1940లలో బెనో గూటెన్‌బర్గ్, చార్లెస్ రిక్టర్ గమనించింది ఇది: తీవ్రత ఒక అంకె తగ్గితే భూకంపాల సంఖ్య దాదాపు పది రెట్లవుతుంది. ఏడాదికి 8 దాటేది సగటున ఒకటి. 7కీ 8కీ మధ్యవి పదిహేను. 6కీ 7కీ మధ్యవి నూట ముప్పై చిల్లర. 5కీ 6కీ మధ్యవి పదమూడు వందలు. 4కీ 5కీ మధ్యవి పదమూడు వేలు. ఇంకా కిందికి దిగితే లక్షలు. విడుదలయ్యే శక్తి మాత్రం అంకెకు ముప్పై రెండు రెట్లు పెరుగుతుంది. కాబట్టి పై మెట్టు మీదివి కొద్దే అయినా శక్తిలో సింహభాగం వాటిదే. 1960 మే 22న చిలీలో 9.5 తీవ్రతతో వచ్చిన ఒక్క భూకంపమే, ఆ తరవాత నాలుగైదు దశాబ్దాల దాకా కలుపుకుని వందేళ్లలో పగుళ్ల వెంట జరిగిన మొత్తం కదలికలో దాదాపు నాలుగో వంతుకు కారణం.

ఏడు దాటిన భూకంపం సముద్రం నడిమధ్య వచ్చినా 1900ల నాటి కొద్దిపాటి స్టేషన్లకే వినబడేది. అందుకే నమ్మదగిన పోలిక అక్కడే. ఆ లెక్కలో ఏడాదికి సగటు పదహారు. 2010లో అది ఇరవై దాటిపోయింది. 1988, 1989లలో ఏడెనిమిదికి మించలేదు. 1989లో బతికినవాడు భూమి శాంతించిందనుకోవాలి, 2010లో బతికినవాడు ప్రళయం వచ్చిందనుకోవాలి. ఇద్దరూ పొరబడ్డట్టే. ఎందుకో ఇంట్లోనే చూసుకోవచ్చు.

గదిలో ఇరవై అయిదు టైల్స్ ఉన్న చోటు చూసుకుని, పైనుంచి నూరు బియ్యం గింజలు ఎడాపెడా చల్లండి. సగటున టైలుకు నాలుగు. వంగి ఒక్కో టైలులో లెక్కపెట్టండి. ఏ రెండు మూడింట్లోనో ఒకే గింజ ఉంటుంది. ఒకదాంట్లో ఏడు ఉంటాయి. ఓ మూల నాలుగైదు గింజలు గుమిగూడి కనిపిస్తాయి. ఎవరూ పనిగట్టుకుని అక్కడ పోయలేదు. చల్లినప్పుడు గుంపులు పడడమే సహజం. ప్రతి టైలులో సరిగ్గా నాలుగే పడితే అప్పుడు అనుమానించాలి, ఎవరో కూర్చుని పేర్చారని. గణితం దీనికి ఒక హద్దు చెబుతుంది. సగటుకు వర్గమూలం తీసి, దాన్ని రెండింతలు చేసి, సగటుకు అటూ ఇటూ వేసుకోవాలి. పదహారుకు వర్గమూలం నాలుగు. రెండింతలు ఎనిమిది. అంటే ఎనిమిది నుంచి ఇరవై నాలుగు దాకా. నూటికి తొంభై అయిదేళ్లు ఆ హద్దులోనే పడాలి. భూకంపాల నూరేళ్ల చిట్టాలో పెద్ద భూకంపం వెంట వచ్చే అనుకంపాలను పక్కనపెట్టి చూస్తే సుమారుగా ఇదే కనిపిస్తుంది.

దీనికంటే గట్టి అనుమానం శాస్త్రవేత్తలకే వచ్చింది. 8.5 దాటిన మహాభూకంపాలను వరసగా రాసుకోండి. 1950లో అస్సాం-టిబెట్ సరిహద్దు, 1952లో కమ్చట్కా, 1957లో అల్యూషన్ దీవులు, 1960లో చిలీ, 1963లో కురిల్ దీవులు, 1964లో అలాస్కా, 1965లో మళ్లీ అల్యూషన్. పదిహేనేళ్లలో ఏడు. ఆ తరవాత నలభై ఏళ్ల నిశ్శబ్దం, ఒక్కటీ లేదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగు చీలింది. మన కోస్తాలో వేటకెళ్లిన పడవలు, ఒడ్డున ఆరబెట్టిన వలలు, వందకు పైగా ప్రాణాలు ఆ అలల్లో కొట్టుకుపోయాయి. అక్కడి నుంచి 2005, 2010, 2011, 2012. ఎనిమిదేళ్లలో అయిదు. ఒకదాన్నొకటి ప్రపంచం చుట్టూ రేపుకుంటున్నాయా? భూమి ఏదైనా కొత్త దశలోకి అడుగుపెట్టిందా?

2011, 2012లలో మూడు వేర్వేరు బృందాలు ఈ ప్రశ్న మీద కూర్చున్నాయి. అమెరికా భూవిజ్ఞాన సర్వేలో ఆండ్రూ మైకేల్, కాలిఫోర్నియాలో పీటర్ షియరర్, ఫిలిప్ స్టార్క్, మళ్లీ అమెరికా సర్వేలోనే టామ్ పార్సన్స్, ఎరిక్ గైస్ట్. వాళ్లు చేసింది చెప్పుకోవడానికి తేలికే. కంప్యూటర్‌లో బియ్యం గింజలు చల్లినట్టు వేలసార్లు యాదృచ్ఛికంగా 'దొంగ శతాబ్దాలు' తయారుచేశారు. వాటిలో ఇలాంటి గుంపులు, ఇలాంటి నిశ్శబ్దాలు ఎంత తరచుగా పుడతాయో చూశారు. తరచుగానే పుట్టాయి. నిజమైన శతాబ్దాన్ని వాటి మధ్యలో కలిపేస్తే ఏది నిజమైనదో వేరు చేయలేం. 2012 తరవాత జరిగినదీ గమనించండి. పదమూడేళ్ల పాటు 8.5 దాటింది ఒక్కటీ రాలేదు. 2025 జులై చివర్లో కమ్చట్కాలో 8.8 వచ్చింది, 1952లో పగిలిన ప్రాంతంలోనే.

పెద్ద భూకంపం తన చుట్టుపక్కల అనుకంపాలను పుట్టిస్తుంది, అందులో సందేహం లేదు. ఒక్కోసారి దాని అలలు వేల కిలోమీటర్ల దూరంలో చిన్నచిన్న కంపాలను కూడా రేపుతాయి. చిలీలో వచ్చింది కాబట్టి జపాన్‌లో మహాభూకంపం వస్తుందనడానికి మాత్రం ఈ చిట్టాలో ఆధారం దొరకలేదు.

లెక్క తప్పడం ఒక వైపే జరుగుతుందని అనుకోకండి. ఒకప్పుడు ఈ చిట్టా తలకిందులుగా కనిపించేది. 1900 నుంచి 1915 వరకు పెద్ద భూకంపాలు చాలా ఎక్కువని, ఆ తరవాత తగ్గిపోయాయని అనిపించేది. నిజానికి ఆనాటి మిల్నే రకం భూకంపలేఖినుల్లో ఊపును ఆపే ఏర్పాటు లేదు. తోసి వదిలేసిన ఉయ్యాల లాగా, నేల ఆగినా లోలకం ఊగుతూనే ఉండేది. గీత పెద్దదయ్యేది, తీవ్రతా పెద్దదిగా రాసుకునేవారు. 1980లలో జపాన్‌లో కత్సుయుకి అబే ఓపికగా ఆ పాత కొలతలను మళ్లీ పరిశీలించి తీవ్రతలు దిద్దాడు. ఎక్కువనుకున్నది మామూలుకు దిగింది. ఇలాంటి పనికి బిరుదులు రావు, పేపర్లో పేరు పడదు. 'భూకంపాలు పెరగలేదు' అని ఇవాళ ధైర్యంగా అనగలుగుతున్నామంటే ఆ ఓపికే కారణం.

లెక్కలు పక్కనపెట్టి కారణం దగ్గరికి వద్దాం. భూకంపానికి కావలసిన శక్తి భూ ఫలకాల నడక నుంచి వస్తుంది. మన భారత ఫలకం ఏడాదికి దాదాపు అయిదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది, ఇంచుమించు మన చేతి గోరు పెరిగే వేగం. జీపీఎస్‌తో ఈ నడకను ఇప్పుడు మిల్లీమీటర్లలో కొలుస్తున్నారు. సముద్రం అడుగున రాళ్లలో నిలిచిపోయిన అయస్కాంత చారల్ని బట్టి గత ముప్పై లక్షల ఏళ్ల సగటు వేగం కూడా తెలుసు. ఎక్కువ ఫలకాల విషయంలో ఈ రెండు అంకెలూ దాదాపు సరిపోతాయి. వచ్చే జీతం మారనప్పుడు నెలనెలా ఖర్చు అటూ ఇటూ అవుతుందే గాని ఏళ్ల తరబడి పెరుగుతూ పోలేదు. భూకంపాలూ అంతే.

అయితే మనిషి చేతి వల్ల నిజంగా పెరిగిన చోట్లు కొన్ని ఉన్నాయి. అవి దాచకూడదు. అమెరికాలోని ఓక్లహోమాలో 2009కి ముందు తీవ్రత 3 దాటిన భూకంపాలు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. 2015లో తొమ్మిది వందలు దాటాయి. చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీటిని లోతైన బావుల్లోకి తిరిగి పంపు చేస్తున్నారు. ఆ నీటి ఒత్తిడి పాత పగుళ్లను బిగించి ఉంచిన పట్టును వదులు చేసింది. 2016 సెప్టెంబరులో పానీ దగ్గర 5.8 వచ్చింది. పంపింగ్ మీద ఆంక్షలు పెట్టాక సంఖ్య పడిపోయింది. మన దేశంలో ఇంకా పాత ఉదాహరణ కోయినా. మహారాష్ట్రలో ఆనకట్ట కట్టి 1962లో నీళ్లు నింపడం మొదలుపెట్టాక చిన్న కంపాలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపం 180 మందిదాకా బలితీసుకుంది. జలాశయం పుట్టించిన భూకంపాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దదని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా దాన్ని వెంటాడుతోంది. హర్ష్ గుప్తా వంటివారు ఏళ్ల తరబడి ఆ జలాశయం మీద పనిచేశారు. ఇవన్నీ స్థానికం. ప్రపంచపు ఏడు పైబడిన లెక్కను ఇవి కదిలించలేదు. కానీ బావి తవ్వే కంపెనీ, ఆనకట్ట కట్టే ప్రభుత్వం ఈ లెక్క ముందే వేసుకుని తీరాలి. పక్కనున్న ఊళ్లకు ఆ లెక్క అడిగే హక్కు ఉంది.

మరి చావులు? పెరిగినట్టు అనిపించేది ఎక్కువగా ఇక్కడే. 2010 జనవరి 12న హైతీలో 7.0 తీవ్రత, లక్షకు పైగా మృతులు. ఏడు వారాలు తిరగకుండా, ఫిబ్రవరి 27న చిలీలో 8.8. హైతీ దానికంటే అయిదు వందల రెట్లు శక్తి. మృతులు అయిదు వందల పైచిలుకు. చిలీ 1960 దెబ్బ తిన్నాక ఇళ్లు కట్టే పద్ధతి మార్చుకుంది. హైతీలో సరైన ఇనుము లేని సిమెంటు దిమ్మెలు జనం నెత్తిన పడ్డాయి.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. పక్కనున్న మహారాష్ట్రలోనే కిల్లారి ఉంది. 1993 సెప్టెంబరు 29న వినాయక నిమజ్జనం చేసి అలసి పడుకున్న ఊరు. తెల్లవారితే 30, వేకువన మూడూ యాభై ఆరుకు నేల కదిలింది. తీవ్రత 6.2. ప్రపంచం లెక్కలో అది ఏడాదికి నూటికి పైగా వచ్చే తరగతి. మందపాటి రాతిగోడలు, రాళ్ల మధ్యలో మట్టి తప్ప ఏమీ లేదు. పైన ఎండకు చల్లగా ఉండాలని ఏటా వేసిన మట్టి పేరుకుపోయిన కప్పు. దాదాపు పదివేల మంది ఆ మట్టి కింద పోయారు. అప్పటి భూకంప ప్రమాద పటంలో కిల్లారి ఉన్నది అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న మండలంలో. 2002లో ఆ మండలాన్నే పటం నుంచి తీసేశారు. దేశంలో ప్రమాదం లేదని చెప్పగలిగే చోటు లేదని ఒప్పుకోవడమే అది.

ఆ 2002 పటం ప్రకారం హైదరాబాద్ రెండో మండలంలో ఉంది. విజయవాడ, ఒంగోలు, భద్రాచలం మూడో మండలంలో. ఈ ఊళ్లలో ఇప్పుడు పెరుగుతున్నవి అంతస్తులు. కింద కార్ల కోసం గోడల్లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టి, పైన అయిదు అంతస్తుల గోడలు. 2001లో భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో కూలిన వాటిలో ఇలాంటి కట్టడాలు చాలా ఉన్నాయి. కేంద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా అవి నిలవలేదు.

కాబట్టి పాఠకులకు నా విన్నపం ఒకటి. భూకంపాలు పెరుగుతున్నాయా అని అడిగే ఆతృతలో సగమైనా మీ ఇంటి పిల్లరు మీద పెట్టండి. ఇల్లు కట్టిస్తుంటే కాంక్రీటు పోసే ముందు రోజు వెళ్లి చూడండి. పిల్లరు ఊచల చుట్టూ తిప్పిన రింగుల కొసలు ఊరికే మూలమలుపుగా వంచి వదిలేశారా, లేక పిల్లరు లోపలికి, 135 డిగ్రీలకు, కొక్కెంలా వంచారా? పిల్లరు బీముతో కలిసే చోట రింగులు దగ్గరదగ్గరగా ఉన్నాయా? నేల ఊగినప్పుడు పై పూత రాలిపోతే, మూలమలుపుగా వంచిన రింగు విప్పుకుంటుంది, లోపలికి వంచిన రింగు పట్టి ఉంచుతుంది. భారత ప్రమాణం 13920 అడిగేది ఇదే. దానికయ్యే అదనపు ఇనుము రింగుకు కొన్ని అంగుళాలు. మేస్త్రీకి చెప్పి వంపించండి. కాంక్రీటు పోశాక దాన్ని చూసే వీలుండదు.